అమరావతికి రెండు సీట్లు

నాది కాని కారులో, ఒక్క రోజుకి అద్దెకు మాట్లాడుకున్న కారులో, రెండు సీట్లు వేరేవాళ్ళకి అమ్మినవాణ్ణి నేను. ఈ మాట బందరులో ఏ వ్యాపారికి చెప్పినా ముందు నవ్వుతాడు, తరవాత ఎంతకి అమ్మావని అడుగుతాడు. సీటు ఎనిమిది వందలు. మా నాన్న బతికి ఉంటే భుజం తట్టేవాడు. మా స్టీలు సామాన్ల కొట్టులో ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, ఖాళీ అర కూడా అద్దె తింటుందని. కారులో ఖాళీ సీటు నాకు అచ్చం అలాగే కనపడింది.

అమరావతి వెళ్దామన్నది మా ఆవిడ. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు గల్లాపెట్టె దగ్గరే కూర్చుంది. దివిసీమ నుంచి పెళ్ళి సామాన్లకి వచ్చేవాళ్ళు గుమ్మంలోనే “అమ్మగారు లేరా?” అని అడుగుతారు. నేనుంటే ధర తగ్గదని వాళ్ళకి తెలుసు. అలాంటి మనిషి ఇంతకాలానికి నోరు తెరిచి ఒకటి అడిగింది.

“ఒక్క రోజు కొట్టు మూద్దామండీ. మనిద్దరమే వెళ్దాం. కారులో.”

“అమరావతిలో ఏముందే?”

“రాళ్ళున్నాయి.”

“రాళ్ళు చూడ్డానికి కారెందుకు?”

“మీరు రండి. అక్కడ చెప్తాను.”

కారు డ్రైవరు ఐదు వేలన్నాడు. రెండు టీలు తాగించి నాలుగు వేల రెండు వందలకి దింపాను. “డీజిలు నీళ్ళు కాదండి సార్,” అన్నాడు. “నీళ్ళయితే నేనే పోసుకుని నడుపుకునేవాణ్ణి,” అన్నాను. అక్కడితో ఆగి ఉంటే నేను మంచి భర్తనని ఇవాళ్టికీ అనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం గుడివాడ నుంచి మాకు సరుకు వేసే వ్యాపారి ఫోన్ చేశాడు. మాటల్లో, తన పక్కింటి ముసలి దంపతులు అమరావతి గుడిలో మొక్కు తీర్చుకోవాలని తిరుగుతున్నారనీ, కార్ల అద్దెలు విని వెనక్కి తగ్గుతున్నారనీ అన్నాడు. నా నోట్లోంచి మాట నాకంటే ముందే వచ్చేసింది. “మా కారు వెళ్తోందిగా. సీటు ఎనిమిది వందలని చెప్పు.”

మా ఆవిడకి మాత్రం ఇంకోలా చెప్పాను. “సరుకు వేసే ఆయన అడిగాడు. కాదంటే బాగుండదు. పెద్దవాళ్ళు, ఓ మూల కూర్చుంటారు.” ఆవిడ అప్పుడు ఏదో వస్తువుని పాత గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటోంది. ముడి మరోసారి బిగించింది. “సరేలెండి,” అంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. పామర్రు దాకా ఇద్దరం వెనక సీట్లో ఉన్నాం. ఆవిడ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. ఏదో చెప్పబోతున్నట్టు రెండుసార్లు నావైపు తిరిగింది. నేను ఫోన్లో గుడివాడ వాళ్ళతో, బస్టాండు దగ్గర ఏ వైపు నిలబడాలో చెప్తున్నాను. బెజవాడకి తిన్నగా వెళ్ళాల్సిన చోట కారు కుడికి తిప్పించాను. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

“ఈ మలుపు మన బేరంలో లేదు సార్. రానూపోనూ రెండుసార్లు తిరగాలి. నాలుగు వందలవుతుంది.”

“రెండొందలు.”

“అయితే ఆళ్ళని పామర్రు దాకా నడిచి రమ్మనండి.”

నాలుగు వందలకే ఒప్పుకున్నాను.

గుడివాడలో ఎక్కినాయన రైసు మిల్లులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. కారుని ముందు నుంచి వెనక దాకా, బస్తా తూకం చూసినట్టు చూశాడు. “అబ్బాయ్, నాకు మోకాళ్ళు ముడుచుకోవు. ముందు కూర్చుంటా. మా ఆవిడకి కిటికీ కావాలి, లేకపోతే వాంతులు.” రెండో కిటికీ దగ్గర నేను. మధ్యలో, కింద గట్టులా ఉండే చోట మోకాళ్ళు పైకి ముడుచుకుని మా ఆవిడ. తన కోసం మాట్లాడిన కారులో. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

“ఏంటమ్మా ఆ మూట?” అంది ముసలావిడ.

“మా నాన్నగారిదండీ.”

ముసలావిడ మా ఆవిడ చేతి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. నాకు ఆ మాట వినపడింది. వినపడుతూనే ఉంది, నేను మాత్రం పదహారు వందల్లోంచి నాలుగు వందలు తీసేస్తున్నాను.

అమరావతి చేరేసరికి పదకొండు కావస్తోంది. ముసలాయన మొక్కు అంటే ఒక దణ్ణం కాదు. ప్రదక్షిణలు, అభిషేకం, ప్రసాదం కోసం వరస. ఆయన మోకాళ్ళు ముడుచుకోవు కాబట్టి ఒక్కో ప్రదక్షిణా ఒక్కో యాత్ర. పన్నెండున్నర దాటింది. మా ఆవిడ మెట్ల మీద కూర్చుని మధ్య మధ్య, చెక్కిన పాత రాళ్ళుండే మ్యూజియం ఎటువైపో వచ్చేపోయేవాళ్ళని అడిగింది.

భోజనానికి కూర్చున్నప్పుడు ముసలావిడకి గుర్తొచ్చింది. సాయంత్రం ఆరింటికి వేసుకోవాల్సిన బీపీ మాత్రలు ఫ్రిజ్ మీద మర్చిపోయింది.

“అయితే రెండున్నరకి బయల్దేరాలి,” అన్నాడు ముసలాయన. “బెజవాడ ట్రాఫిక్కు మన చేతిలో ఉండదు.”

“ఇక్కడ కొనొచ్చు కదండీ బాబాయిగారూ,” అంది మా ఆవిడ.

“ఇంట్లో అట్టకి అట్ట ఉంటే మళ్ళీ కొనటమా అమ్మాయ్?”

మా ఆవిడ నావైపు చూసింది. హోటల్‌కి ఎదురుగానే మందుల షాపుంది. ముసలావిడ మాత్ర పేరు కూడా చెప్పింది. ఆ చూపు నాకు పూర్తిగా అర్థమైంది. రోడ్డు దాటి ఒక అట్ట కొని తెస్తే సాయంత్రమంతా మా ఆవిడది. ఆ పని నేను చెయ్యలేదు. మందులు నా బేరంలో లేవనుకున్నాను. ఈలోగా బిల్లొచ్చింది. ముసలాయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, నేను డబ్బు కట్టేదాకా కడుక్కుంటూనే ఉన్నాడు. వాళ్ళ భోజనాలు రెండొందల అరవై. నా కంటే గట్టివాడు దొరికాడని కోపం, లోపల్లోపల కాస్త గౌరవం కూడా.

మ్యూజియంలోకి వెళ్ళేసరికి రెండు కావడానికి పది నిమిషాలుంది. ముసలివాళ్ళు బయట నీడలో కూర్చున్నారు. మొదటి గదిలో మా ఆవిడ సంచి తెరిచి గుడ్డ విప్పింది. లోపల చెక్క అచ్చు. బట్టల మీద అద్దకం వేసేది. రంగు పీల్చుకుని నల్లబడింది. మధ్యలో పద్మం.

పెడనలో మా మావగారు అచ్చులు చెక్కేవారని నాకు తెలుసు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు.

“పెళ్ళి కాకముందు నాన్న ఒకసారి బస్సులో ఇక్కడికొచ్చి, ఒక రాయి మీద పద్మం చూసి కాగితం మీద దింపుకెళ్ళాడంట,” అంది. “రాయి మీద మూడు వరసల రేకులున్నాయి. చెక్కలో రెండే పట్టాయి. ‘ఒక వరస అమరావతిలోనే వదిలేసొచ్చానమ్మా’ అనేవాడు. ఆ వరస ఎలా ఉంటుందో నాకు చూడాలని.”

“ఇంట్లోనే చెప్పొచ్చుగా.”

“చెబితే మీరు ఫోన్లో ఫొటో చూపించేవారు.”

నిజమే, చూపించేవాణ్ణి.

ఆవిడ ఒక్కో రాయి దగ్గర ఆగి, అచ్చు పక్కన పెట్టినట్టు గాల్లో పట్టుకుని, వేలితో రేకులు లెక్కపెట్టింది. కాపలా ఉన్నాయన దగ్గరకొచ్చి అచ్చు చూసి, పక్కకి జరిగాడు. ఆ గదిలో ఆవిడ నడక వేరేగా ఉంది. కొట్లో అలా నడవగా నేను చూడలేదు. సగం గది అయ్యిందో లేదో, గుమ్మం దగ్గర్నుంచి ముసలాయన గొంతు. “అబ్బాయ్, రెండున్నర.”

“ఇంకో పావుగంటండీ,” అంది మా ఆవిడ, రాయి మీంచి చూపు తియ్యకుండా.

నేను వాచీ చూపించాను. ఆవిడ అచ్చుని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

ఐదుంబావుకే గుడివాడలో ఉన్నాం. ఆరు కావడానికి ఇంకా ముప్పావుగంట. ముసలాయన దిగి, జేబులోంచి నోట్లు తీసి, నా చేతిలో కాక మా ఆవిడ చేతిలో పెట్టాడు.

“ఆడవాళ్ళ చేతికిస్తే నిలుస్తుంది అమ్మాయ్. సీటుకి ఎనిమిది వందలని మీ ఆయన చెప్పాడు. మొత్తం మీద వంద తగ్గించాను. దార్లో ఒక టీ చుక్కైనా పోయించలేదుగా.”

మా ఆవిడ నోట్లు చూసింది. తరవాత, ఇరవై ఆరేళ్ళ అలవాటు కదా, లెక్కపెట్టింది. “పదిహేను వందలు. సరిపోయాయి,” అని నాకిచ్చింది. ముసలావిడ దిగబోతూ ఆగి, మా ఆవిడ ముఖంలోకి చూసి, “మాకు తెలీదమ్మా, నీకోసం కట్టిన కారని,” అంది.

గుడివాడ నుంచి బందరు దాకా వెనక సీట్లో మేమిద్దరమే. ఆవిడ అడిగిన ప్రయాణం చివరి గంటకి దొరికింది. “వచ్చే నెల మళ్ళీ వెళ్దాం,” అన్నాను. ఆవిడ సంచి పక్కన పెట్టి నావైపు తిరిగింది.

“ఒకటి అడుగుతాను చెప్పండి. మూడో మనిషి ఎవరన్నా వచ్చుంటే, నా సీటుకి ఎంత చెప్పేవారు?”

డ్రైవరు అద్దంలోంచి చూసి చూపు తిప్పేసుకున్నాడు. నా సిగ్గంతా ఇక్కడుంది: జవాబు చెప్పకపోయినా అంకె మనసులోకి వచ్చేసింది. మధ్య సీటు కాబట్టి ఏడొందలు.

పదిహేను రోజుల తరవాత ఒక పొద్దున్న ఆవిడ సంచి తగిలించుకుని, “అన్నం వండిపెట్టాను. కొట్టు మీరు చూసుకోండి. అమరావతి వెళ్ళొస్తాను,” అంది. నేనూ వస్తానన్నాను. “ఇద్దరం వెళ్తే కొట్టు మూసెయ్యాలిగా,” అంది, కోపం లేకుండానే. రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. ఎప్పటిలాగే ఆ రోజు ఖర్చు కొట్టు పుస్తకంలో రాసింది. పుస్తకంలో మడిచిన కాగితం ఒకటుంది. పెన్సిలుతో గీసిన పద్మం. ఆవిడ పడుకున్నాక రేకుల వరసలు లెక్కపెట్టాను. మూడు.

ఆ ప్రయాణం లెక్క ఇన్నాళ్ళూ మనసులో తప్పుగానే రాసుకున్నాను. ఇప్పుడు సరిగ్గా రాస్తున్నాను. సీట్లు అమ్మగా వచ్చింది పదిహేను వందలు. అందులో గుడివాడ మలుపుకి నాలుగు వందలు, వాళ్ళ భోజనాలకి రెండొందల అరవై పోగా మిగిలింది ఎనిమిది వందల నలభై. మా ఆవిడ రెండో ప్రయాణానికి బస్సు ఖర్చు సున్నా, ఇప్పుడు ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదుగా. అరటిపళ్ళకి ముప్పై. మొన్న మా వీధి మందుల షాపులో ముసలావిడ చెప్పిన మాత్ర పేరు చెప్పి ధర అడిగాను. నేను పెట్టని ఖర్చు అదొక్కటే. అట్ట యాభై ఎనిమిది రూపాయలు.