కట్టు కట్టిన చెయ్యి బొమ్మ

ఇంటింటికీ ఫోను లేని ఆ రోజుల్లో ఎవరి గుట్టు ఏ ఊళ్లో ఉందో ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నవాళ్లకే తెలిసేది. తిరువూరు బస్టాండు ఎదురుగా సాయిబు గారి బూత్‌లో నెంబర్లు కలిపే పని నాది. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. అంకెలు బాగానే వచ్చేవి కానీ పేరు రాయాలంటే చెమటలు పట్టేవి. అందుకని నోటుపుస్తకంలో ప్రతి నెంబరు పక్కనా ఒక బొమ్మ వేసుకునేదాన్ని. గంపలగూడెం పత్తి వ్యాపారికి గొడుగు, విస్సన్నపేట మాస్టారికి కళ్లజోడు. (అది ఒక పక్కకి ఒరిగిందని మాస్టారు నొచ్చుకున్నారు కూడా.)

ఒకరోజు పెనుగొలను నుంచి ఒక వదిన (వరసేమీ లేదు, అలా పిలిచేదాన్ని) చేతికి కట్టుతో వచ్చి, వాళ్లక్కతో మాట్లాడి, అటునుంచి అటే బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్లిపోయింది. ఆ చెయ్యి విరగ్గొట్టింది మొగుడే. వారం తిరక్కుండా ఒక కానిస్టేబుల్ వచ్చి, ఆవిడ ఏ నెంబరుకు చేసిందో చూపించమన్నాడు. కేసూ లేదు, ఫిర్యాదూ లేదు. ఆ మొగుడూ ఈయనా స్నేహితులు, అంతే.

"స్టేషన్ ముద్రున్న కాగితం పట్రండి సార్, పుస్తకమే ఇచ్చేస్తా," అన్నారు సాయిబు గారు.

"నేనొచ్చి అడిగితే కాగితమంటావేంటయ్యా?"

"మీరు రేపు బదిలీ అయిపోతారు సార్. నా దగ్గర ఫోన్ చేసుకున్నోళ్ల మొహం నేను రోజూ చూడాలి."

ఆయన అప్పటికి వెళ్లిపోయాడు గానీ, శుక్రవారం సాయిబు గారు నమాజుకు వెళ్లిన సమయం చూసుకుని వచ్చి, బల్ల మీది పుస్తకం తీసుకున్నాడు. పేజీలు తిప్పి, "ఏంటమ్మా ఇది, పుస్తకమా, ముగ్గుల కాగితమా? ఈ గొడుగెవరు?" అన్నాడు.

చెప్పాను. గొడుగాయన ఇద్దరు తమ్ముళ్లు, వాళ్ల వాటాల గొడవ, చిన్న తమ్ముడి పెళ్లిలో చాలని పులుసు, అన్నీ చెప్పాను. (నాకు ఒక్కటే చెప్పడం అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.) కళ్లజోడు దగ్గర మాస్టారి బదిలీలన్నీ వరసగా చెప్పేసరికి ఆయన తెప్పించుకున్న టీ చల్లారిపోయింది. ఆయన చెమట తుడుచుకుంటూ ఇంకో పేజీ తిప్పి వేలు పెట్టాడు. "ఇదేంటి, చెయ్యా?"

అది వదిన బొమ్మే. కట్టు కూడా శుభ్రంగా గీసిపెట్టాను, బుద్ధి లేనిదాన్ని.

"మా అత్తగారండి. బావి దగ్గర జారిపడి చెయ్యి విరిగింది. కట్టు కట్టించడానికి ముందు ఎక్కడికి తీసుకెళ్లామంటే..."

"వద్దు తల్లీ! నీకో దండం!" అంటూ పుస్తకం బల్ల మీద పడేసి లేచాడు.

ఆయన సైకిలు మలుపు తిరిగాక పుస్తకం తీసి సొరుగులో పెట్టాను. అప్పటికి నాకు పెళ్లే కాలేదు. ఆ తర్వాత మూడేళ్లకు నిజం అత్తగారు వచ్చారు. ఈ కథ విని, "పెళ్లికి ముందే నా చెయ్యి విరగ్గొట్టావా?" అని పడీపడీ నవ్వారు. ఇప్పుడు పక్కింటావిడ పంచదార అడిగితే లేదని ఓ చిన్న అబద్ధమాడటానికే తడబడతాను. ఆనాడు బూత్‌లో కూర్చున్న ఆ రెండు జడల పిల్లకి, రెప్పైనా వెయ్యకుండా, అంత నోరు ఎక్కడినుంచి వచ్చిందో!