నందీష్ అద్దాలు తీసిన రోజు

ఎదురుపడిన మనిషిని పలకరించకుండా పోవడం కూడా ఒక శిక్షే. తిరుమణి చుట్టుపక్కల పల్లెల్లో ఆ శిక్ష బరువెంతో పిల్లలకు కూడా తెలుసు. "ఏమప్పా, యాడికి?" అన్న ఒక్క మాట అనకుండా దాటిపోతే నలుగురిలో చెంప పగలగొట్టినట్టే. కొట్టిన చెంప సాయంత్రానికి చల్లబడుతుంది గానీ, ఇది చల్లబడదు. నందీష్ తన పెదనాన్న కొడుకు ధనంజయకు ఏళ్ళ తరబడి ఈ శిక్ష వేస్తూనే ఉన్నాడు. చిక్కల్లా ఏమిటంటే, అది ధనంజయకు తగలడం లేదు.

తగలనివ్వనివి నందీష్ ముక్కు మీది అద్దాలే. సీసా అడుగులంత మందం. బడిలో చేరిన ఏడే వచ్చాయి, వాడితో పాటు పెరిగాయి. అద్దాలు తీస్తే చాచిన చేతి వేళ్ళ దగ్గరే లోకం అయిపోతుంది. ఊరందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే టీ అంగడి ముందు కూర్చున్న ధనంజయను చూసీ చూడనట్టు నందీష్ మెడ నిటారుగా పెట్టుకుని పోతుంటే, ధనంజయ నవ్వి, పక్కవాళ్ళతో మెత్తగా అనేవాడు.

"వానికి కండ్లు ఆనవులేప్పా, పాపం. మనమే పలకరించల్ల. రేయ్ నందీ, టీ తాగి పోరా."

అయిపోయింది. విసిరిన రాయి వెనక్కి వచ్చి విసిరినవాడికే తగిలింది. పైగా ఊరి కంట్లో ధనంజయ తమ్ముడి మీద ప్రాణం పెట్టుకున్న అన్న అయిపోయాడు. ఇంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకేముంటుంది!

అసలు పగ ఎక్కడ పుట్టిందో చెప్పాలి. సోలారు పార్కుకు భూములు గుత్తకు తీసుకుంటున్న కాలం అది. వీళ్ళ తాత భూమి ముగ్గురు కొడుకులకు మూడు భాగాలైంది. పెద్దకొడుకు భాగం ధనంజయకు, నడిపివాడైన చిన్నరంగప్ప భాగం నందీష్‌కు, కడగొట్టువాడి భాగం గంగాధరకు వచ్చాయి. ఈ వైపు రైతులు తమవాళ్ళను తమ పొలంలోనే పూడ్చుకుంటారు. చిన్నరంగప్ప సమాధి కూడా నందీష్ పొలంలో, ధనంజయ గట్టును ఆనుకుని ఉండేది. ఏటా పెద్దల అమాసకు నందీష్ అక్కడ ఆకు పరిచి, వడలు, పాయసం, తండ్రికి ఇష్టమైన బీడీ కట్ట పెట్టి వచ్చేవాడు. సమాధి ఉన్నంత మేర వదిలేయమని భూమి సొంతదారు అడిగితే కంపెనీ వాళ్ళు వదిలేస్తున్నారు. నందీష్ అడగాలనే అనుకున్నాడు.

కొలతల ముందు రోజు వాడి అద్దాల కాడ ఊడింది. పావగడకు పోతున్న ధనంజయ, "ఇట్లియ్యిరా, నేను చేపిచ్చుకొస్తా," అని తీసుకుపోయాడు. సాయంత్రం వచ్చి, అంగడిలో ఇచ్చినానని, రేపు చేసిస్తారని అన్నాడు. తెల్లారితే కొలతలు. భూమి మొత్తం మసక. సర్వేవాళ్ళు, ఊరివాళ్ళు గుంపుగా నిలబడ్డారు. దూరంగా ఒక తెల్లటి మరక పక్కన నిలబడి ధనంజయ కేకేశాడు.

"ఇదే కదరా మన నడిమి రాయి?"

అంతమందిలో తడుముకుంటూ పోవడానికి నందీష్‌కు సిగ్గేసింది. అదీగాక అడిగింది అన్న. "అదేలే అన్నా," అన్నాడు. అక్కడే హద్దు గూటం కొట్టారు.

మర్నాడు వదిన నేత్రావతి కొత్త కాడ వేసిన అద్దాలు తెచ్చిచ్చింది. ఆ మనిషికి ఏమీ తెలియదు పాపం. "మొన్న సాయంత్రం నుంచీ మీ అన్న చొక్కా జోబులోనే ఉండాయప్పా, ఇయ్యను మర్చిపోయినట్టుండాడు," అంది. నందీష్ అద్దాలు పెట్టుకుని పొలానికి పరిగెత్తాడు. గూటం తన పొలంలోపలికి జరిగి ఉంది. తండ్రి సమాధి గూటానికి అవతలి పక్క పడింది. పెద్దమనుషుల దగ్గరికి పోతే, "అందరి ముందరా నువ్వే ఒప్పుకుంటివి కదప్పా. అన్నదమ్ముల భూమి, సమాధి ఎవురి పక్క పడితే ఏమి," అన్నారు. మూడో భాగస్తుడు గంగాధర అప్పుడు బెంగళూరులో లారీ తోలుతున్నాడు. కంపెనీ వాళ్ళ దగ్గర ధనంజయ ఆ సమాధి సంగతి ఎత్తనే లేదు. యంత్రం వచ్చి ఒక్క పూటలో చదును చేసి పోయింది.

ఆ రోజు నందీష్ తరఫున నోరు తెరిచిన మనిషి ఒక్కతే. ధనంజయ కన్నతల్లి హొన్నమ్మ. తల్లిలేని నందీష్‌కు చిన్నప్పటి నుంచీ సంగటి ముద్ద పెట్టిన పెద్దమ్మ. నడివీధిలో నిలబడి కొడుకును, "నీ నోట్లో మన్ను పడ, సచ్చినోళ్ళ జాగా కూడా కావల్సి వచ్చెనా నీకు," అని తిట్టిపోసింది. మూడేళ్ళ కిందట ఆమె పోయింది. ధనంజయ ఆమెను తనకు మిగిలిన పొలంలో, గంగాధర గట్టు పక్కన పూడ్చాడు.

ఇక నందీష్ బతుకు చూడండి. పార్కులో సోలారు పలకలు కడిగే నీళ్ళ ట్రాక్టరు తోలే పని దొరికింది. వారానికి ఒకసారి ఆ వరుసకు వస్తాడు. ఏ పలక కింద తండ్రి ఉన్నాడో ఉజ్జాయింపుగా తెలుసు. దాని మీది దుమ్ము కడుగుతుంటే నీళ్ళు చిమ్మి అద్దాలు మసకబారతాయి. తుడుచుకుని పెట్టుకునేసరికి ఆ పలక దాటిపోయి ఉంటుంది. పెద్దల అమాసకు కంచె బయట, ముళ్ళతీగ పక్కన ఆకు పరుస్తాడు. కాకి కూడా అక్కడికి రావడానికి మొహమాటపడుతుంది.

ఈ అద్దాలు పోవాలి అనుకున్నాడు. అవి పోతే ధనంజయకు సాకు పోతుంది. కండ్లు బాగున్న మనిషి పలకరించకుండా పోతే దానికి అర్థం ఒకటే ఉంటుంది, ఊరంతటికీ తెలిసిపోతుంది.

భార్య మేఘతో లేజరు చేయించుకుంటానన్నాడు. మేఘ పుట్టినూరు మంగళవాడ, మాట సూటిగా ఉంటుంది. "కంటిని కోపిచ్చుకునేకి అంత తొందరేంది? కంట్లో పెట్టుకునే లెన్సులుండాయి కదా, ముందు అవి చూడు," అంది. సరేనని లెన్సులు తెచ్చుకున్నాడు. అద్దం ముందు గంటసేపు కుస్తీ పట్టి, కండ్లు ఎర్రబడ్డాక, ముక్కు మీద బరువు లేకుండా బజారుకు బయలుదేరాడు. లోకం అంచుల దాకా తేటగా ఉంది. టీ అంగడి ముందు ధనంజయ మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా కనపడ్డాయి. వాడి కండ్లలోకి సూటిగా చూసి, చూడనట్టు తల తిప్పుకుని దాటిపోయాడు. తన జన్మలో అంత బాగా ఎవరినీ అవమానించలేదనుకున్నాడు.

నాలుగు అడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ఎవరో జబ్బ పట్టుకున్నారు. ధనంజయే. "అద్దాలు మర్చిపోయి బయలుదేరినావేందిరా? ఆడ కాలవ తవ్వినారు, పడిపోతావు. రా, ఇంటికాడ దింపుతా." అంగడి ముందున్న ముసలివాళ్ళు నాలుక చప్పరించారు. ఊరివాళ్ళకు అద్దాలు లేని నందీష్ అంటే గుడ్డి నందీషే. కంట్లో లెన్సుందని ఎంతమందికని చెప్పుకుంటూ తిరుగుతాడు? ధనంజయ వాడిని వీధి పొడుగునా చేయి పట్టుకుని నడిపించాడు. ఇంటికొచ్చి నందీష్ అన్నం తినలేదు. మేఘ మూతి బిగించుకుని నవ్వాపుకుంది, అది ఇంకా మండింది. లెన్సుల కాపురం కూడా ఎన్నాళ్ళో సాగలేదు. పార్కులో దుమ్ము లేస్తే కంట్లో ఇసుక పోసినట్టుండేది.

ఇక లేజరే. చేయించుకుని, కట్టు విప్పుకుని, ఊరందరికీ తీపి పంచి మరీ చెప్పాలి, ఆపరేషనయింది, ఇప్పుడు అన్నీ కనపడతాయని. బెంగళూరు కంటాసుపత్రికి పోయారు. డాక్టరమ్మ ఓపికగా పరీక్ష చేసి, కన్ను పనికొచ్చేలాగే ఉంది అంది. కొన్నాళ్ళు కండ్లలో తడి ఆరిపోయినట్టుంటుంది, చుక్కల మందు వేసుకోవాలి, దుమ్ములో తిరగకూడదు, నలభై దాటాక చదవడానికి ఎలాగూ అద్దాలు రావచ్చు అని విడమరిచి చెప్పింది. అద్దాల వల్ల ప్రమాదమేమీ లేదని, వద్దనుకుంటేనే చేయించుకోమని అంది. చివర్లో, ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నారని అడిగింది. పోలీసు ఉద్యోగమా, ఆటలా?

"ఒక మనిషిని చూసీ చూడనట్టు పోవల్ల మేడం," అన్నాడు నందీష్.

డాక్టరమ్మ మేఘ వైపు చూసింది. మేఘ గోడ మీది కంటి బొమ్మ వైపు చూసింది. చివరి పరీక్షకు ముందు కొన్ని వారాలు లెన్సులు పెట్టకూడదని, పాత అద్దాలే వాడుకోమని చెప్పి పంపించారు.

అలా మళ్ళీ అద్దాలు పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లోనే పార్కు ఇంకొంచెం పెరుగుతుందన్న మాట వచ్చింది. ధనంజయ, గంగాధర మిగిలిన పొలాలు కూడా గుత్తకివ్వడానికి ఒప్పుకున్నారు. మళ్ళీ సర్వే. ఇద్దరి మధ్య రాయి ఎప్పుడో దున్నేటప్పుడు లేచిపోయింది. అది ఇక్కడుండేదని ధనంజయ, అక్కడుండేదని గంగాధర. గంగాధర చూపించిన చోట గూటం కొడితే హొన్నమ్మ సమాధి వాడి పక్క పడుతుంది. సమాధి మేర వదలమని కంపెనీని అడిగే ఉద్దేశం తనకు లేదని వాడు ముందే చెప్పాడు. ఇద్దరు భాగస్తులు తగువు పడితే మూడో భాగస్తుడి మాటే చెల్లడం ఆ వంశంలో తాత నాటి నుంచి ఉన్న కట్టు. మూడో భాగస్తుడు నందీష్. చిన్నప్పుడు తండ్రితో పాటు ఆ రాయి పాతినవాడు కూడా వాడే. దాని పక్కన పాతిన వేపమొక్క మోడు నేటికీ ఉంది. ధనంజయ చెప్పింది అక్షరాలా నిజం.

పొలంలో ఊరంతా ఉంది. ధనంజయ ముఖంలో దిగులు లేదు. "మా తమ్ముడుండాడు కదా, వాడు చెప్తాడు," అని గుంపును తోసుకుంటూ నందీష్ భుజం మీద చేయి వేశాడు. "నందీ, నువ్వూ చిన్నాయినా పాతిన రాయి యాడుండెరా? అమ్మ ఉండే జాగా అది. నువ్వే చెప్పల్ల."

మోడు నందీష్‌కు స్పష్టంగా కనపడుతోంది. దానికి ఇవతల హొన్నమ్మ సమాధి మీది సున్నం కూడా కనపడుతోంది. సంగటి ముద్ద గుర్తొచ్చింది. ఆ వెంటనే చొక్కా జేబు గుర్తొచ్చింది. తన అద్దాలు రాత్రంతా పడుకున్న జేబు. పాత పగ ఎగదన్నింది. దాన్ని ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

మెల్లగా అద్దాలు తీశాడు. పంచె కొంగుతో ఒకసారి, రెండోసారి తుడిచాడు. తిరిగి పెట్టుకోలేదు. మడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నాకు కండ్లు ఆనవు కదన్నా," అన్నాడు. "పదేండ్లుగా ఊరంతా చెప్పినావు, మర్చిపోయినావా? గుడ్డోని సాక్ష్యం ఎవురు ఒప్పుకుంటారు? గంగాధర చెప్పిందే పెట్టుకోండప్పా."

నందీష్‌కు ఎవరి ముఖమూ కనపడలేదు, మసకలో ధనంజయ నిలబడిన చోట ఒక ఆకారం కిందికి కుంగడం మాత్రం కనపడింది. గూటం మీద సుత్తి పడిన చప్పుడు వినపడింది. ఆ చప్పుడు వాడికి నాదస్వరం లాగా ఉంది. ఇంటికి పోయేటప్పుడు మేఘ చేయి పట్టుకోబోతే వద్దన్నాడు.

"లేజరుకు ఎప్పుడు పోదాము?" అని ఆమె ఆ వారంలో అడిగింది.

"అవసరం లేదు. అద్దాలే మేలు. కావాల్నంటే తీసేయొచ్చు," అన్నాడు. మేఘ ఆ రోజంతా వాడితో మాట్లాడలేదు. హొన్నమ్మ ఆమెకు కూడా పురుడు పోసిన మనిషి.

ఆ ఏడు పెద్దల అమాసకు నందీష్ ఎప్పటిలాగే కంచె బయట ఆకు పరిచాడు. వడలు, పాయసం, బీడీ కట్ట. కాస్త దూరంలో, కొత్తగా వేసిన కంచె పక్కన ధనంజయ, నేత్రావతి ఇంకో ఆకు పరిచి ఉన్నారు. ఆకు మీద హొన్నమ్మకిష్టమైన తమలపాకులు, వక్క. ముళ్ళతీగకు అవతల కొత్త పలకలు ఎండకు మెరుస్తున్నాయి.

తిరిగి వెళ్ళడానికి దారి వాళ్ళ పక్క నుంచే. నందీష్ అద్దాలు సర్దుకున్నాడు. ధనంజయ ముఖంలోకి నిండుగా చూశాడు. చూసి, పలకరించకుండా దాటాడు.

"పాపం, కండ్లు ఆనవు కదా," అని నేత్రావతి అలవాటు కొద్దీ అనబోయింది.

"ఆనతాయి," అన్నాడు ధనంజయ. "వానికి అన్నీ ఆనతాయి."

తగిలింది. ఇన్నేళ్ళకు తగిలింది. నందీష్ వెనక్కి తిరగకుండా నడిచాడు. చేతిసంచిలో పెద్దమ్మ కోసం పొద్దున మేఘ కట్టిచ్చిన రెండో ఆకు, తమలపాకులు అలాగే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో వాడికి తోచలేదు, ఇంటికే తీసుకుపోయాడు.