తెలేసియా నిద్ర

తెలేసియా మా సవాయీ దీవిలో, నేను పాఠాలు చెప్పే బడిలో ఐదో తరగతి చదివేది. పదేళ్ల పిల్ల. ఒకరోజు వాలీబాల్ పోటీకి వెళ్తూ పికప్ బండి వెనక నుంచి జారిపడింది. తలకు పెద్ద దెబ్బ. సముద్రం దాటించి, మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచారు.

తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. కుట్లు మానాయి, జుట్టు పెరిగింది. బాగైపోయిందనుకున్నాం.

నిద్ర మాత్రం పట్టేది కాదు. వాళ్ల ఇంటికి గోడలుండవు. స్తంభాల మధ్య చాపలు పరుచుకుని తొమ్మిదిమంది వరసగా పడుకుంటారు. మొదట్లో పిల్ల నిద్రపట్టక తన తల్లి లాంగీని లేపేది. ఆవిడ పొద్దంతా చేమతోటలో నడుం వంచి పనిచేసే మనిషి. రెండుసార్లు వీపు నిమిరింది, మూడోసారి విసుక్కుంది. ఆ తర్వాత పిల్ల ఎవర్నీ లేపలేదు. తెల్లవారుజామున కన్నంటుకునేసరికి బడివేళయ్యేది.

తరగతిలో తల బల్ల మీద వాలిపోయేది. పిల్లలు గబ్బిలమని పేరు పెట్టారు. "ఏమే గబ్బిలం, రాత్రి ఎవరి బొప్పాయిలు తిన్నావే?" అనేవాళ్లు. నేను మాత్రం తక్కువ తిన్నానా? బద్ధకమనుకుని నిలబెట్టేదాన్ని. నిలబడే కునికేది. వెలుతురు చూస్తే తలనొప్పి అనేది, మధ్యాహ్నాలు ఆటకు పోయేది కాదు. స్నేహితురాళ్లు కొన్నాళ్లు పిలిచి ఊరుకున్నారు.

మరుసటి ఏడు టీకాలు వేయడానికొచ్చిన నర్సు ఇయుటిటా, దాని తల మీది మచ్చ చూసి, రాత్రిళ్లు ఎలా పడుకుంటున్నావని అడిగింది. అప్పటిదాకా ఆ మాట మాలో ఎవరూ అడగలేదు.

"చుట్టూ అందరూ పడుకునే ఉంటారు. ఎవర్నీ లేపకూడదు కదా," అంది పిల్ల.

ఇయుటిటా నా వైపు తిరిగింది. "కాలు విరిగిన పిల్లని పరిగెత్తమంటావా, టీచరమ్మా? దీనికి దెబ్బ తగిలింది మెదడుకి. నిద్ర అక్కడే చెడింది."

ఆవిడ చెప్పినట్టే చేశాం. రోజూ ఒకే వేళకు లేపడం, పొద్దుటి ఎండలో నడిపించడం, పడుకునే ముందు ఫోను ఇవ్వకపోవడం. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పుస్తకాల గదిలో చాప వేసి పడుకోబెట్టేదాన్ని. ఆపైన నిద్రపోనిచ్చేదాన్ని కాదు. లాంగీ దాని చాప తన పక్కకు మార్చుకుంది.

క్రిస్మస్ నాటికి చాలా రాత్రులు నిద్రపోయేది. కొన్ని రాత్రులు ఇప్పటికీ పోదు. వెక్కిరింపు ఆగింది. కానీ ఆటలకు పిలుపూ రాలేదు. అప్పటికే వాళ్ల జట్టు వాళ్లకుంది.

అది చదువు ముగించి మా బడి వదిలి వెళ్లేరోజు, నిన్ను ఊరికే నిలబెట్టానే అని దాని దగ్గర బాధపడ్డాను.

"మీరైనా నాతో మాట్లాడేవాళ్లు కదా టీచర్," అంది.

దానికిప్పుడు పదిహేడేళ్లు. పిన్ని దగ్గర చాపలల్లుతోంది. పని బాగా చేస్తుందట. ఎక్కువ మాట్లాడదట.