బూట్లతో పడవెక్కిన హీరో

చిన్నప్పుడు నన్ను వారం రోజులు ఒంటరిగా పెరట్లోకి పోనీయని పాత దెయ్యం సినిమా మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చింది. నాకు ఇప్పుడూ గుండె దడదడలాడింది. నా కూతురేమో దెయ్యం విగ్గు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పొద్దున చేపల వేటకెళ్లొచ్చిన మా నాయన మాత్రం దెయ్యాన్ని పట్టించుకోకుండా వల బాగుచేసుకుంటున్నాడు.

ఇంతలో హీరో బూట్లతోనే పడవెక్కాడు. నాయన చెయ్యి ఆగిపోయింది. మా రేవులో ఎవరూ చెప్పులతో పడవెక్కరు.

“బూట్లతో ఎక్కినాడు గదా, దెయ్యం పట్టక ఏం చేస్తాది?” అన్నాడు.

నా కూతురు దానికీ నవ్వింది.

మర్నాడు నాతోపాటు తాత వెంట రేవుకు వచ్చినప్పుడు, పడవ ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే చెప్పులు ఇసుకలో విడిచేసింది. పొట్ట పట్టుకుని నవ్వడం ఈసారి నా వంతయింది.