ఫ్రెంచి బాంబరుకు కట్టుడు కాలు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నా చేతులంత నేర్పున్న చేతులు నెల్లూరు టౌనులో ఇంకెవరికీ లేవని. రెండు, తప్పు చేసినా పైకి కనపడకుండా సర్దేస్తే అది తప్పు కింద రాదని. ఇరవై రెండేళ్ల వయసులో ఇలాంటి నమ్మకాలు ఉండడం వింతేమీ కాదు. మొదటిదాన్ని మా సార్ వారానికి రెండు మూడుసార్లు తుంచేవారు, అది మళ్లీ మొలిచేది. రెండోదాన్ని మాత్రం ఒక విమానం వచ్చి తీసుకుపోయింది. జానెడున్నర పొడవున్న విమానం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు మాత్రం దాని పుణ్యమా అని నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు.

నేను కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో కొత్తగా చేరాను. పక్కనే ఉన్న పళ్ల డాక్టరుగారు నోటి అచ్చులు తీసి పంపితే, వాటి మీద మైనంతో చిగుళ్లు కట్టి, పళ్లు పేర్చి, చివరికి గులాబీరంగు రెజిన్ పొడితో గట్టి సెట్టు పోసి ఇచ్చేవాళ్లం. మా యజమానిని అందరం చాటుగా మైక్రాన్ సార్ అనుకునేవాళ్లం. ఆయన జేబులో పెన్ను లేని రోజైనా ఉంటుందేమో కానీ కొలిచే పరికరం లేని రోజు ఉండదు. (టీ కొట్టులో గ్లాసు అంచు మందం కొలుస్తుండగా నేను కళ్లారా చూశాను. కొలిచాక పెదవి విరిచి, టీ తాగకుండా వచ్చేశారు.)

ముత్తుకూరు నుంచి ఒక తాతగారు వచ్చేవారు. ఎయిర్‌ఫోర్సులో విమానాల బాడీలు బాగుచేసే ఫిట్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. తాను ఫిట్టరునేనని ఆయన ఎంత మొత్తుకున్నా వాళ్ల చర్చిలో అందరూ వింగ్ కమాండర్ అనే పిలిచేవాళ్లు. మేము చేసిన పై సెట్టు ఆయనకు వదులయింది. దాన్ని సరిచేయించుకోవడానికి నాలుగుసార్లు వచ్చారు. “పాపా, మామూలుగా మాట్లాడితే ఏం లేదు. చర్చిలో పాట ఎత్తుకుంటే మాత్రం మూడో చరణానికి సెట్టు కిందికి దిగొస్తా ఉంది. అయ్యగారు నన్నే చూస్తా ఉండాడు,” అనేవారు. నాలుగోసారికి సెట్టు కుదిరింది, మా స్నేహమూ కుదిరింది. ఐదోసారి సెట్టుతో పని లేకుండానే వచ్చారు, చంకలో ఒక అట్టపెట్టెతో.

పెట్టెలో పసుపు కలిసిన తెల్లటి రెజిన్ ముక్కలు, పలచటి గాజులాంటి రేకు ఒకటి, ఫ్రెంచి భాషలో అచ్చయిన ఒకే ఒక్క కాగితం. ఫోన్లో విమాన బొమ్మలు కట్టేవాళ్ల గుంపు ఒకటుందట. అందులో పరిచయమైన ఫ్రాన్సు పెద్దాయన ఈ కిట్ బహుమతిగా పంపాడట. ఫ్రాన్సువాళ్లు జెట్ ఇంజన్లతో బాంబర్లు కట్టడం మొదలెట్టిన తొలి రోజుల నాటి విమానం అది. కుర్రతనంలో ట్రైనింగ్‌లో ఉండగా, చిరిగిపోయిన విదేశీ పత్రికలో తాతగారు దాని బొమ్మ చూశారట. అప్పటినుంచీ అది మనసులోంచి పోలేదట. నేనూ ఆ కాగితం మీది బొమ్మ చూశాను. నిజం చెప్పాలంటే మనసు పారేసుకోదగ్గ అందం ఏమీ కనపడలేదు. నేలపట్టు చెరువులో వాలే గూడబాతుకు కొంగ కాళ్లు అతికించినట్టుంది. రెండు ఇంజన్లూ పొట్టలోనే పక్కపక్కన దూర్చినందువల్ల ఒళ్లు లావు, కాళ్లు మాత్రం పుల్లలు.

“దీన్ని నేల మీద పరిగెత్తించి చూస్తా ఉంటేనే కాళ్లు విరిగినాయంట పాపా. బాగుచేసి ఎగరేస్తే ఒక్కసారి ఎగిరిందంట. అంతే, ఇంక మూలన పెట్టేసినారంట,” అన్నారు.

“ఒక్కసారేనా? మరి ఇంత ఇష్టం ఏంది తాతా దీని మీద?”

“ఎగిరింది గదా,” అన్నారాయన, ఆ ఒక్క మాటతో నా ప్రశ్నకు పూర్తి జవాబు వచ్చేసినట్టు. తర్వాత రెండు చేతులూ చాచి చూపించారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. “నేనే కట్టుకుందామనుకున్నా. మాత్రేసుకుంటే తగ్గుతాది, చిన్న ముక్క పట్టుకునే కాడికి మళ్లా మొదలు. నువ్వు రోజూ రెజిన్‌తో పనిచేసే పిల్లవి. నీకు తప్ప ఇంకెవరికీ ఇయ్యను.”

అలా అంటే ఇరవై రెండేళ్ల అమ్మాయి కాదనగలదా? నా మొదటి నమ్మకానికి అంతకంటే బలమైన టానిక్కు ఏముంటుంది?

భోజన విరామంలో పని మొదలుపెట్టాను. ప్రతి ముక్కా ఒక లావుపాటి పోత దిమ్మకు అంటుకుని ఉంది. దాన్ని సన్నటి రంపంతో కోసి, నీళ్లు చల్లి గరుకు కాగితంతో రుద్దాలి. ఇది నాకు తెలిసిన విద్యే. గాలిబుడగల గుంటలు పూడ్చడమూ తెలిసిన విద్యే. వంగిపోయిన రెక్కను వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక బల్ల మీద చదును చేసినప్పుడైతే, ఫ్రాన్సువాళ్లు నన్ను అప్పట్లోనే పిలిచి ఉంటే అసలు విమానానికి కూడా కాళ్లు విరిగేవి కావేమో అనిపించింది. బొమ్మ తోక మీద కూలబడకుండా ముక్కులో లోహపు తునకలు కూడా పెట్టాను. తాతగారు ఫోన్ చేసినప్పుడల్లా, “అంతా బాగా వస్తా ఉంది తాతా,” అనేదాన్ని. ఆయన ప్రతిసారీ, “నిదానం పాపా, కాళ్ల కాడ నిదానం,” అనేవారు.

కాళ్ల దగ్గరే వచ్చింది తంటా. ముందు కాలు అగ్గిపుల్లలో సగం మందం. దాన్ని పొట్ట కింద అతికించడానికి, క్షణంలో పట్టేసే జిగురు ఒక్క చుక్క చాలు. నేను రెండు వేశాను. కాలు అతుక్కుంది. దానితోపాటు నా ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కూడా అతుక్కున్నాయి. లాగితే వేళ్లు రావడం లేదు, విమానం వస్తోంది. సరిగ్గా అప్పుడే మైక్రాన్ సార్ గొంతు వినిపించింది. “అమ్మా, వెంకటాచలం నుంచి పెద్దాయన వచ్చినాడు. పళ్ల రంగు చూసి రాసుకో.”

రంగుల నమూనా పళ్లు కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేతిని వీపు వెనక దాచుకుని ముందుగదిలోకి వెళ్లాను. ఆయన పెద్ద రైతు, తెల్లటి పంచె, నోట్లో ముందు పళ్లు నాలుగు లేవు. నమూనా పళ్లు ఒక్కొక్కటే ఆయన పెదవి దగ్గర పెట్టి చూస్తున్నాను. ఆయన నా ముఖం చూడడం లేదు, నా నడుం పక్కనుంచి పొడుచుకొచ్చిన రెక్కను చూస్తున్నాడు.

“ఏందమ్మా అది?”

“విమానం అండి.”

ఆయన కాసేపు ఆలోచించి, చాలా మర్యాదగా అన్నాడు. “నాకు పళ్లు చాలమ్మా.”

మా సార్ లేచి వచ్చి నా వెనక్కి చూశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన జేబులోంచి కొలత పరికరం తీసి, నా చేతికి అతుక్కుని ఉన్న విమానాన్ని అటూ ఇటూ కొలిచి, “ఎడమ రెక్క రెండు మిల్లీమీటర్లు దిగింది. ఇట్టాంటి పనా నేను నీకు నేర్పినది?” అన్నారు. నా వేళ్ల సంగతి ఆయనకు ఆ తర్వాతే కనపడింది. (ఆ సాయంత్రం రెక్కను ఆయనే ఊడదీసి, మళ్లీ ఆయనే అతికించారు. నన్ను ముట్టుకోనివ్వలేదు.)

సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి నానబెట్టాను. పావుగంటకు చూపుడువేలు వచ్చింది. బొటనవేలు కూడా వచ్చింది కానీ, టక్కుమని చిన్న శబ్దం చేసి వచ్చింది. కాలు మొదలంటా విరిగి, నీళ్లలో పడి, నేను చూస్తుండగానే తొట్టి కన్నంలోకి జారిపోయింది. అడుగున సుద్దమట్టి పట్టే డబ్బా ఉంటుంది. దాన్ని విప్పి మట్టంతా గుడ్డ మీద పోసి వెతికాను. ఎవరివో మూడు పళ్లు దొరికాయి, కాలు దొరకలేదు. ఆ కిట్‌లో ముందు కాలు ఒక్కటే.

అప్పుడు చెప్పాల్సింది. ఫోన్ తీసి, “తాతా, ఇట్టా జరిగింది,” అంటే అయిపోయేది. నేను ఫోన్ తీయలేదు, చిగుళ్లకు వాడే రెజిన్ పొడి డబ్బా తీశాను. కాగితం మీది కొలతలు చూసి మైనంతో కాలు చెక్కి, అచ్చు పోసి, లోపల కట్టుడు పళ్ల కొక్కేలకు వాడే ఉక్కు తీగ పెట్టి, గులాబీరంగు రెజిన్‌తో పోశాను. ఉడకబెట్టి, నునుపు చేసి, వెండిరంగు పూశాను. పాత కాలికంటే పదింతలు గట్టిగా వచ్చింది. చూసి మురిసిపోయాను. మురిసిపోయిన రాత్రి నుంచే అన్నం సయించడం మానేసింది.

విమానం పూర్తయిందని చెబితే తాతగారు ఆదివారం ఆరాధన అయ్యాక రమ్మన్నారు. ముత్తుకూరులో వాళ్లింటికి వెళ్లేసరికి చర్చి అయ్యగారు కూడా కుర్చీలో కూర్చుని ఉన్నారు. టీపాయ్ మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ పరిచి ఉంది. పెట్టె తెరిచి విమానాన్ని దాని మీద నిలబెట్టాను. తాతగారు నేల మీద మోకాళ్లూని, కళ్లను విమానం ఎత్తుకు తెచ్చుకుని చూశారు. వాళ్లావిడ అవ్వగారు వంటింటి గడప దగ్గర నిలబడి, “బోరు మోటారు చెడిపోయి ఆర్నెల్లయింది అయ్యగారూ, దాని పక్కన ఒక్కనాడు ఇట్టా మోకాళ్లేసింది లేదు,” అన్నారు.

తాతగారికి ఆ మాట వినపడలేదు. భూతద్దం తీసి ముక్కు దగ్గర నుంచి మొదలుపెట్టి, ముందు కాలి దగ్గర ఆగారు. “అయ్యగారూ, ఇదో ఈ కాలు చూడండి. ఎంత శుద్ధంగా పోసినారో! ఇంత సన్నటిది ఇంత గట్టిగా రావాలంటే సామాన్యమా? ఫ్రాన్సోళ్ల పనితనమంటే ఇదీ.” అయ్యగారు వంగి చూసి తల ఊపారు. తాతగారు పక్కింటివాళ్లను పిలిచి వాళ్లకూ ఆ కాలే చూపించారు. మిగతా ముక్కలన్నీ ఫ్రాన్సువే అయినా వాటి గురించి ఒక్క మాట లేదు. ఆయన పొగిడిన ప్రతిసారీ నేను కుర్చీలో ఒక అంగుళం కిందికి జారాను.

అందరూ వెళ్లాక తాతగారు ఫోన్ తీశారు. “కాలు దగ్గరగా ఫొటో తీసి ఆ పెద్దాయనకి పంపుతా. మీ కాలు బ్రహ్మాండం అని రాస్తా. సంతోషపడతాడు.”

“తాతా, అది ఆయన కాలు కాదు,” అన్నాను.

ఆయన ఫోన్ దించారు. అన్నీ చెప్పేశాను. జిగురు, వెంకటాచలం పెద్దాయన, తొట్టి కన్నం, చిగుళ్ల పొడి, అన్నీ. చెబుతున్నంతసేపూ ఇస్త్రీ గుడ్డ అంచునే చూస్తూ ఉన్నాను. చెప్పడం అయ్యాక కూడా తలెత్తలేదు.  చివరికి గోటితో గీకుతున్న శబ్దం వచ్చింది. తలెత్తితే, తాతగారు విమానాన్ని వెల్లకిలా తిప్పి కాలి వెనకవైపు రంగు కొంచెం గీకుతున్నారు. లోపల లేత గులాబీరంగు. ఆయన తన నోట్లోంచి పై సెట్టు తీసి పక్కన పెట్టి పోల్చి చూశారు. రెండూ ఒకటే రంగు.

“రెండూ ఒకే పిండితోనా?” అన్నారు అవ్వగారు గడప దగ్గర నుంచి. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వారు. పళ్లు లేకుండానే తాతగారూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సెట్టు మళ్లీ పెట్టుకున్నాక ఆయన అన్నారు. “అసలుదానికీ విరిగినవి కాళ్లే గదా పాపా, దానికెందుకు ఏడుపు? సర్వీసులో ఉన్నప్పుడు ఒకనాడు నా రింగు స్పానరు ఒకటి కనపడలా. విమానం లోపల వదిలినానేమోనని గుండె ఝల్లుమనింది. చెప్తే శిక్ష. గంటసేపు నోరు మూసుకోని నిలబడినా. పైలట్ నిచ్చెన ఎక్కతా ఉంటే అప్పుడు అరిచినా, ఆపండని. విమానం అంతా విప్పినారు.”

“దొరికిందా తాతా?”

“దొరికింది. నా ప్యాంటు జేబులోనే ఉండాది.” ఆయన ఇప్పుడూ ఒకసారి జేబు తడుముకున్నారు. “పద్నాలుగు రోజులు శిక్ష పడింది. అది మర్చిపొయినా. ఆ గంట మాత్రం ఇంకా మర్చిపోలా. నీది ఎన్ని రోజులు?”

“నాలుగు.”

“చానా ఎక్కువ,” అన్నారు, జాలిగా.

కాలు పీకేసి, కొత్తది బూడిదరంగులో పోసి తెస్తానన్నాను. వద్దన్నారు. లోపలికి వెళ్లి గీతల పుస్తకం ఒకటి తెచ్చారు. మా పనిలో ఇట్టనే చేస్తాం అంటూ, విమానంలో ఏ ముక్క మార్చినా ఏది మార్చిందీ, దేనితో మార్చిందీ రాయాలని, మార్చినవాళ్లు కింద సంతకం పెట్టాలని, అప్పుడే అది ఎగరడానికి పనికొస్తుందని చెప్పారు. వణికే అక్షరాలతో తానే రాశారు. ముందు కాలు విరిగినది. కొత్తది వేయబడినది. పదార్థం, చిగుళ్ల రెజిన్, లోపల ఉక్కు తీగ. పుస్తకం నా వైపు తిప్పి పెన్ను ఇచ్చారు.

ల్యాబులో మేము చేసిన ప్రతి సెట్టు కిందా సార్ సంతకమే ఉండేది. నేను చేసిన పనికి నా పేరు రాయడం అదే మొదటిసారి.  సంతకంలో ఒక అక్షరం కింది గీతలోకి దొర్లిపోయింది. ఆయన ఊది ఆరబెట్టి, చదివి, “ఇంక ఎగరొచ్చు,” అన్నారు.

సాయంత్రం నెల్లూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంటికెళ్లాక అమ్మ పెట్టిన చేపలపులుసు రెండుసార్లు కలుపుకుని తిన్నాను. ఇప్పుడు ల్యాబు నాది. రోజుకు పదిహేను చోట్ల, కొన్నిసార్లు ఫోన్లో మాట్లాడుతూనే సంతకం గిలికేస్తుంటాను. ఎప్పుడైనా ఒక కాగితం ముందు చెయ్యి ఆగి, చేసిన పనిని మళ్లీ ఒకసారి చూడాలనిపిస్తుంది. అప్పుడు బస్సు కిటికీలో తలపెట్టి, ఉప్పుగాలి ముఖాన కొడుతుంటే, ఒక బొమ్మ కాలికి సంతకం చేసినందుకు లోకంలో తానే పెద్ద ఇంజనీరన్నట్టు గర్వంగా కూర్చున్న ఆ పిల్ల కనపడుతుంది. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.