పాండురంగారావు గారి ఇంటి తోడు

మా భీమడోలు ల్యాబ్‌కి రొయ్యల చెరువు నీళ్ళు తెచ్చేవాళ్ళంతా ముందు అడిగేది "అమోనియా ఎంతుందండీ?" అని. గుండుగొలను పాండురంగారావు గారు మాత్రం నా పేరు పెర్సిస్ అనగానే "మీరేవిట్లమ్మా?" అన్నారు. నా కులం తేలాకే సీసా బల్లమీద పెట్టారు, మహానుభావుడు.

చెరువు అడుగు బురదని తినే బాసిల్లస్ అనే బాక్టీరియా గురించి చెబితే, "అది ఏ కుటుంబం?" అని ఆరా. బాసిల్లేసి అన్నాను. కడ్డీల్లా ఉంటాయి. గోడ మందం, అందుకే గ్రామ్ రంగు వేసి స్పిరిట్‌తో కడిగినా ఊదా రంగు వదలవు; పలచ గోడవైతే గులాబీకి తిరుగుతాయి. కష్టకాలం వస్తే గట్టి పెంకులాంటి సిద్ధబీజం కట్టుకుని ఏళ్ళ తరబడి పడుకుంటాయి, ఎండకీ వేడికీ ఓ పట్టాన చావవు. "అచ్చం మా వంశమే!" అని మురిసిపోయారు. "ఆకారం చూసి ఆ కుటుంబంలో రాసుకున్నవాటిలో చాలావాటిని, జన్యువులు చదివాక వేరే కుటుంబాల్లోకి పంపేశారండీ" అన్నాను. అది మాత్రం ఆయన చెవికెక్కలేదు.

ఆ బాక్టీరియా ప్యాకెట్టు ఒక్కసారే కొన్నారు. బెల్లం, తవుడు నీళ్ళలో కలిపి డ్రమ్ములో పులియబెట్టడం, ఆపైన పెరుక్కి పెట్టినట్టు ప్రతిసారీ పాత డ్రమ్ములోంచే తోడు. మూడు నెలలు! "మా ఇంటి తోడు, ఇంకో చెయ్యి పడకూడదు" అని, చెరువు కాపలా కాసే ఏసోబు గారిని డ్రమ్ము దరిదాపులకి రానిచ్చేవారు కాదు.

ఒక పొద్దున్న రొయ్యలు ఊపిరాడక గట్టు వారకి తేలాయి. ఆరెకరాల పంట. డ్రమ్ము నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. రంగు వేసి చూస్తే మైక్రోస్కోపు కింద అంతా గులాబీ రంగే, ఊదా కడ్డీలు వెతికితే నాలుగు. "ఏవండీ, మీ వంశం ఎప్పుడో అంతరించింది. ఇందులో ఉన్నదంతా దారినపోయే దానయ్యలే" అన్నాను.

"పంట పోతే నేనేమైపోవాలమ్మా?" అన్నారు. జాలేసింది, అబద్ధమెందుకు. కొత్తది పులియాలంటే రెండ్రోజులు పడుతుంది. తయారుగా ఉన్నది ఒక్కటే: ఏసోబు గారు తన కౌలు చెరువు కోసం, ప్రతిసారీ కొత్త ప్యాకెట్టుతో కలుపుకునే డ్రమ్ము. "పట్టుకెళ్ళండి బాబూ" అన్నారు ఆయన, మారుమాట లేకుండా. నీళ్ళు మార్చి, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆపకుండా తిప్పి, అది పోశారు. వారం తిరిగేసరికి రొయ్యలు మేతకొచ్చాయి.

నిన్న పాండురంగారావు గారు మళ్ళీ ఆ డ్రమ్ము నీళ్ళ సీసాతో దిగారు. చూశాను. ఊదా కడ్డీలు బారులు తీరి ఉన్నాయి. "మా ఇంటి తోడంటే ఏమనుకున్నావమ్మా!" అన్నారు మీసం దువ్వుకుంటూ. ఆయన వెనకాల, గుమ్మం అవతల, ఏసోబు గారు చెప్పులు విప్పి నిలబడి ఉన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రిపోర్టులో నమూనా పేరు దగ్గర "ఏసోబు గారి డ్రమ్ము" అని రాసి, పాండురంగారావు గారిని పైకి చదివి సంతకం పెట్టమన్నాను. పెట్టేదాకా కాగితం చేతికివ్వలేదు.