తొడిమ తీయని ఇంగ్లీషు

ఆ కాలంలో మా వైపు ఇంగ్లీషును పుస్తకాల్లో చదివి నేర్చుకున్నామే గాని, చెవులతో విని నేర్చుకోలేదు. అందుకే ప్రతి మాటనూ చివరిదాకా పలికేవాళ్ళం. 'ఐ డూ నాట్ నో' అనడం మర్యాద. 'ఐ డోంట్ నో' అనడం పెద్దల ముందు సిగరెట్టు వెలిగించడంతో సమానం. తేదీ, అంకె లేని మాటను నేను సాధారణంగా నమ్మను. ఇప్పుడు చెప్పబోయే సంగతికి నా దగ్గర తేదీ లేదు (వెతికాను, దొరకలేదు). అయినా జరిగి తీరిందని నొక్కి చెబుతున్నాను.

గుంటూరులో మిరపకాయలు ఎగుమతి చేసే ఒక షావుకారుగారి దగ్గర గుమాస్తాగా చేరాను. విదేశాల వాళ్ళతో ఫోనులో మాట్లాడడం నా పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కాకపోతే ఒంగోలు దాటి మా ఊరు పోయి, నాన్నతో పాటు పొగాకు ఆరబెట్టే బ్యారను ముందు మంట చూసుకుంటూ కూర్చోవాలి. ఒకనాడు షావుకారుగారు నా సంభాషణ విని పెదవి విరిచారు.

"నువ్వు ఫోనెత్తితే కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టుందయ్యా. పక్క కొట్టు కుర్రాడు 'ఐల్, వోంట్, డోంట్' అంటూ ఎంత జోరుగా పోతున్నాడో చూడు. తొడిమ తీసిన కాయకే కదయ్యా ధర ఎక్కువ. నీ ఇంగ్లీషుకీ తొడిమలు తియ్యి."

"తొడిమ తీస్తే గింజ రాలుతుందండీ" అన్నాను.

గోదాములో కూర్చుని తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. షావుకారుగారు నవ్వలేదు. "ఎల్లుండి దొరలొస్తున్నారు. వాళ్ళ ముందు నీ తొడిమలు కనపడ్డాయంటే బ్యారనుకు పోదువుగాని" అన్నారు.

కలిసి సరుకు కొనడానికి వచ్చినవారు ఇద్దరు: ఒకాయనది స్కాట్లాండు, మరొకాయనది అమెరికాలో దక్షిణపు రాష్ట్రం. నేను చెవులు నిక్కించి విన్నాను. మా పుస్తకం ప్రకారం 'ఐ వోంట్' అనవలసిన చోట స్కాట్లాండాయన 'ఐల్ నాట్' అన్నాడు. అమెరికా ఆయన 'యూ ఆల్' అనకుండా మా అందరినీ కలిపి 'యాల్' అని ఒక్క ముద్ద చేశాడు. భాష ఒకటే, కోత మాత్రం ఎవరి చోట వారిది. మరి నేనెక్కడ కోయాలి? ఒకరి పద్ధతిలో కోస్తే రెండో ఆయనకు పరాయివాణ్ణవుతాను. ఎక్కడా కోయకూడదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

కొత్తవారి ముక్కు కింద కాయ విరిచి చూపించడం షావుకారుగారి ఆనవాయితీ. విరిచారు. ఇద్దరు దొరలకూ దగ్గు తెర అందుకుంది. అసలే కోసిన మాటలు, వాటిని దగ్గు మళ్ళీ కోసింది. ఒకరి మాట రెండోవారికి అందక, ఇద్దరూ నావైపు తిరిగారు. ఆ ఘాటుకు అలవాటు పడిన గొంతు నాది. ఆయన మాట ఈయనకు, ఈయన మాట ఆయనకు, ఇంగ్లీషు లోంచి ఇంగ్లీషులోకి, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పసాగాను. దొరల వెనక నిలబడి షావుకారుగారు బొటనవేలూ చూపుడువేలూ కలిపి, తొడిమ తుంచుతున్నట్టు గాలిలో మెలితిప్పుతున్నారు. నేను ఆయన వేళ్ళకేసి చూస్తూనే 'హీ విల్ నాట్ టేక్ ఇట్' అని ఒక్కొక్క మాటా విడదీసి మరీ పలికాను.

బేరం కుదిరింది. నా ఇంగ్లీషు వల్లే కుదిరిందనడానికి ఆధారం లేదు; కాయ బాగుంది. కారు వెళ్ళిపోయాక షావుకారుగారు నావైపు తిరిగారు.

"ఇద్దరూ దొరలేగా. మధ్యలో నువ్వెందుకయ్యా?"

"వాళ్ళ కోతలు వాళ్ళకే కలవలేదండీ."

"సరే, ఉండు. ఉద్యోగం ఖాయమే. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం కాస్త కుదించు."

ఆ ఒక్క షరతూ నేను పాటించలేదు. మొన్న మా మనవరాలు "తాతయ్యా, ఫోనులో 'ఐ యామ్ కమింగ్' అని అంత సాగదీస్తావేంటి, 'ఐమ్' అంటే పోదూ" అంది. పోదని చెప్పాను. ఈ మధ్య రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఆ మూడు మాటలకూ మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తోంది. తీసుకుంటాను. అవతలివాళ్ళు ఆగుతారు. మాట మాత్రం కోయను.